ప్రాణం పోయింది, ఏ సెక్షన్ కింద? హత్య నేరాల వర్గీకరణ, శిక్షలు

2025 ఏప్రిల్ 30, అక్షయ తృతీయ. విశాఖ పక్కనే ఉన్న సింహాచలంలో చందనోత్సవం. వరాహ లక్ష్మీనరసింహస్వామి నిజరూపాన్ని చూడటానికి ఏడాదిలో ఆ ఒక్కరోజే వీలు. తెల్లవారకముందే వాన పట్టుకుంది. 300 రూపాయల టికెట్ క్యూలైన్ దగ్గర కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ కమిటీ వేసింది, అధికారులను సస్పెండ్ చేసింది.

అంతకు ఐదేళ్ల ముందు, 2020 మే 7న, ఆ కొండకు ఎంతో దూరం లేని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీద పడింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తారు. 12 మంది చనిపోయారు. గోపాలపట్నం పోలీసులు పెట్టిన కేసులో నిర్లక్ష్యానికి సంబంధించిన సెక్షన్లతో పాటు భారతీయ శిక్షాస్మృతి 304 రెండో భాగం (ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన నరహత్య) కూడా ఉంది.

ఇలాంటి వార్త వినగానే "ఇది హత్యే" అంటాం. ఆ బాధలో అబద్ధం లేదు. కానీ చట్టం ఆ మాటను అలా వాడదు. ఒక ప్రాణం పోయినప్పుడు, అందుకు కారణమైనవాడి మనసులో ఏముందన్నది మొదటి ప్రశ్న. చంపాలనుకున్నాడా? చస్తారని తెలిసీ చేశాడా? పట్టించుకోక వదిలేశాడా? ఈ మూడింటికి వచ్చే జవాబును బట్టి శిక్ష ఉరి నుంచి కొద్ది నెలల జైలు దాకా మారుతుంది. సివిల్ జడ్జి, గ్రూప్-1, ఎస్సై పరీక్షలకు చదివేవారు సెక్షన్ నంబర్లు కంఠస్థం చేసే ముందు ఈ వరుసను పట్టుకోవాలి.

హత్యకు రాష్ట్ర చట్టం ఉందా?

అమెరికాలో బంధువులున్న ఇళ్లలో ‘ఫస్ట్ డిగ్రీ మర్డర్’, ‘సెకండ్ డిగ్రీ మర్డర్’ అనే మాటలు వినిపిస్తుంటాయి. అక్కడ హత్య ప్రధానంగా రాష్ట్రాల చట్టం. హత్యను డిగ్రీలుగా విడగొట్టడం 1794లో పెన్సిల్వేనియాతో మొదలైంది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. టెక్సాస్‌లో క్యాపిటల్ మర్డర్‌కు మరణశిక్ష ఉంది. మామూలు హత్యకు 5 నుంచి 99 ఏళ్లు, లేదా యావజ్జీవం. న్యూజెర్సీ 2007లో మరణశిక్షను రద్దు చేసింది, హత్యకు కనీసం 30 ఏళ్లు. డాలస్‌లో ఒక లెక్క, ఎడిసన్‌లో మరో లెక్క.

మన దగ్గర అలా కాదు. క్రిమినల్ చట్టం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఉమ్మడి జాబితా మొదటి అంశం, క్రిమినల్ ప్రొసీజర్ రెండో అంశం. పార్లమెంటు చేసిన ఒకే నిర్వచనం శ్రీకాకుళానికీ శ్రీనగర్‌కీ వర్తిస్తుంది. జమ్మూకశ్మీర్‌లో మాత్రం 2019 అక్టోబరు 31 దాకా రణబీర్ శిక్షాస్మృతి వేరుగా ఉండేది. 2024 జులై 1 నుంచి 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నేరం జరిగిన తేదీని బట్టి చట్టం ఏదో తేలుతుంది: 2024 జూన్ 30 దాకా జరిగినవాటికి పాత స్మృతి, ఆ తర్వాతవాటికి కొత్త సంహిత. అందుకే ఎల్జీ పాలిమర్స్ కేసుకు 304, సింహాచలం లాంటి ఘటనకు సంహితలోని 105, 106 సెక్షన్లు. నేరం జరిగిన నాటికి లేని శిక్షను తర్వాత వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతుంది.

ఉమ్మడి జాబితా కాబట్టి రాష్ట్రం సవరణ చేయవచ్చు. కేంద్ర చట్టంతో పేచీ వస్తే 254(2) ప్రకారం రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. 2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు ఈ గడప దగ్గరే ఆగింది. అత్యాచార కేసుల్లో 21 పని దినాల్లో తీర్పు, మరణశిక్ష అని దాన్ని తెచ్చారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. పరీక్షల్లో దీన్ని ‘దిశ చట్టం’ అని రాసేవారు ఎక్కువ. ‘బిల్లు’ అని రాయండి.

మరి రాష్ట్రం చేతిలో ఏముంది? పోలీసులు, జైళ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. దర్యాప్తు, ప్రాసిక్యూషన్, జైలు, శిక్ష తగ్గింపు రాష్ట్రానివే. హత్య అంటే ఏమిటో ఢిల్లీ రాసింది. ఫలానా మరణం హత్యా కాదా అన్న మొదటి రాత మాత్రం మన పోలీస్ స్టేషన్‌లోనే పడుతుంది.

పెద్ద గీత, చిన్న గీత

సంహితలో 100వ సెక్షన్ దండనార్హమైన నరహత్యను నిర్వచిస్తుంది, 101 హత్యను. ప్రతి హత్యా నరహత్యే. ప్రతి నరహత్యా హత్య కాదు. ముందు 100 కిందకు వస్తుందో లేదో చూడాలి, వస్తే 101లోని నాలుగు క్లాజుల్లో ఏదైనా సరిపోతుందో చూడాలి, సరిపోతే అయిదు మినహాయింపుల్లో ఏదైనా అడ్డుపడుతుందో చూడాలి. ఈ క్రమం తప్పి రాసిన జవాబు ఎంత పొడుగున్నా మార్కులు రావు.

101 క్లాజులను నా మాటల్లో చెబుతాను. ఒకటి, చంపాలన్న ఉద్దేశంతో చేయడం. రెండు, ఆ ఫలానా మనిషికి ఆ గాయం ప్రాణం తీస్తుందని తెలిసి, ఆ గాయం చేయాలన్న ఉద్దేశంతో చేయడం. గుండెజబ్బు మనిషని ఎరిగి ఛాతీ మీద గుద్దడం ఇలాంటిది. మూడు, ఒక గాయం చేయాలనే ఉద్దేశంతో చేయగా, ఆ గాయం ప్రకృతి సహజంగా ప్రాణం తీయడానికి సరిపోయేది కావడం. నాలుగు, ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించకపోయినా, దాదాపు ఖాయంగా ప్రాణం తీసే ప్రమాదకరమైన పని అని తెలిసీ, ఏ సమర్థనా లేకుండా తెగించడం.

అందరూ తడబడేది మూడో క్లాజు దగ్గర. 100వ సెక్షన్‌లో ‘మరణం కలిగించే అవకాశం ఉన్న గాయం’ అని ఉంటుంది. 101లో ‘మరణానికి సరిపోయే గాయం’ అని ఉంటుంది. చావు వచ్చినా రావచ్చు అన్నది మొదటిది. మామూలుగా అయితే చావే వస్తుంది అన్నది రెండోది. తేడా సంభావ్యత స్థాయిలో ఉంది. దీన్ని దేశానికంతటికీ విడమరిచి చెప్పిన తీర్పు అప్పటి గుంటూరు జిల్లా నుంచి వచ్చింది.

రొంపిచర్ల కేసు: చేతులు కాళ్లు విరగ్గొడితే హత్యా?

స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ రాయవరపు పున్నయ్య. దేశంలో ఏ లా కాలేజీలో చదివినా ఈ పేరు తగలక మానదు. రొంపిచర్లలో ముఠా కక్షలు. 1968 జులైలో ఒక వర్గానికి చెందిన 55 ఏళ్ల మనిషి బస్సు దిగాక ప్రత్యర్థులు బరువైన కర్రలతో మీద పడ్డారు. ఆయన చేతులెత్తి వేడుకున్నా ఆగలేదు. దెబ్బలన్నీ కాళ్ల మీద, చేతుల మీద. తలమీద, గుండెమీద ఒక్కటీ లేదు. 19 గాయాలు. మర్నాడు ప్రాణం పోయింది.

సెషన్స్ కోర్టు హత్య అంది. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆయువుపట్టు మీద కొట్టలేదు కదా, చంపాలన్న ఉద్దేశం ఎక్కడిది అని 304 రెండో భాగానికి తగ్గించి అయిదేళ్ల శిక్ష వేసింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1976లో జస్టిస్ ఆర్.ఎస్. సర్కారియా రాసిన తీర్పు హత్య నేరాన్ని తిరిగి నిలబెట్టింది.

ఆ తీర్పులో గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. చంపాలన్న ఉద్దేశం ఉందా అని మూడో క్లాజు అడగదు. ఆ గాయాలు చేయాలన్న ఉద్దేశం ఉందా అని మాత్రమే అడుగుతుంది. ఉంది: బరువైన కర్రలు తెచ్చుకున్నారు, పథకం ప్రకారం మీద పడ్డారు, ప్రాధేయపడుతున్నా కొట్టారు. ఇక రెండో సగం: ఆ గాయాలన్నీ కలిపి చూస్తే ప్రాణం తీయడానికి సరిపోతాయా? సరిపోతాయని డాక్టరు చెప్పాడు. ఇది వైద్యపరంగా తేలే విషయం, నిందితుడి అంచనాతో దానికి పనిలేదు. "కాళ్లు విరగ్గొట్టి వదిలేద్దామనుకున్నాం" అనే వాదన పల్నాడు, రాయలసీమ ముఠా కేసుల్లో ఎంత మామూలో ఆ ప్రాంతాల వాళ్లను అడగక్కర్లేదు. ఆ వాదన నడిచే దారిని ఈ తీర్పు బాగా ఇరుకు చేసింది. నా దృష్టిలో దీని విలువ నిర్వచనం కన్నా అక్కడే ఎక్కువ.

శిక్ష కోసం నరహత్యకు ఆచరణలో మూడు స్థాయిలున్నాయని కూడా ఈ తీర్పే చెప్పింది. అన్నిటికన్నా ఘోరమైనది హత్య. రెండోది 304 మొదటి భాగం కిందకు వచ్చేది. మూడోది రెండో భాగం. అమెరికన్ ‘డిగ్రీ’లకు మన చట్టంలో దగ్గరగా కనిపించే మెట్లు ఇవే. పేర్లు కలిశాయని నిర్వచనాలు కలిసిపోవు. అక్కడ మొదటి డిగ్రీకి ముందస్తు పథకం ప్రధానం. ఇక్కడ పథకం లేని హత్య కూడా పూర్తి హత్యే.

ఒక్క దెబ్బ, ఒక్క హల్వా ముక్క

"ఒకే ఒక్క పోటు, కాబట్టి హత్య కాదు" అన్నది కోర్టుల్లో రోజూ వినిపించే వాదన. దీనికి 1958 నాటి విర్సా సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ జవాబు చెప్పారు. పొట్టలో ఒకే ఒక్క బల్లెం పోటు. గాయం ఉందా, ఎలాంటి గాయం, ఆ గాయాన్నే చేయాలనుకున్నాడా లేక పొరపాటున తగిలిందా, అది మరణానికి సరిపోతుందా: ఈ నాలుగూ రుజువైతే చాలు.

ఉద్దేశాన్ని ఎలా పసిగట్టాలో 2006లో పులిచెర్ల నాగరాజు వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ తీర్పు వివరించింది. ఆయుధం ఎలాంటిది, వెంట తెచ్చుకున్నాడా అక్కడ దొరికింది పట్టుకున్నాడా, ఎక్కడ కొట్టాడు, ఎంత బలంగా కొట్టాడు, అప్పటికప్పుడు రేగిన గొడవా, పాత పగ ఉందా, ఒక దెబ్బా పది దెబ్బలా, పడిపోయాక కూడా కొట్టాడా. మెయిన్స్‌లో ఊహాజనిత కేసు ఇచ్చినప్పుడు ఈ ప్రశ్నలను ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే జవాబు తనంతట తాను తయారవుతుంది.

ఒకరిని చంపబోయి మరొకరిని చంపితే? 102వ సెక్షన్ ప్రకారం నేరం తగ్గదు. మద్రాసు హైకోర్టు 1912లో తేల్చిన ముస్నూరు సూర్యనారాయణమూర్తి కేసు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. బీమా డబ్బు కోసం అతడు ఒకరికి విషం కలిపిన హల్వా ఇచ్చాడు. ఆ మనిషి కొంచెం తిని వదిలేశాడు, బతికాడు. అది ఒక చిన్నపిల్ల చేతికి చిక్కింది. తిని చనిపోయింది. ఆ పిల్ల మీద అతడికి పగ లేదు, ఆమె తింటుందని అనుకోనూ లేదు. అయినా న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయం తర్వాత మెజారిటీ దాన్ని హత్యే అంది.

హత్య మెట్టు దిగే అయిదు సందర్భాలు

తీవ్రమైన, ఆకస్మికమైన రెచ్చగొట్టుడుతో అదుపు తప్పడం. ఆత్మరక్షణ హక్కులో మంచి విశ్వాసంతోనే హద్దు దాటడం. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో అలాగే హద్దు దాటడం. ముందు ఆలోచన లేకుండా ఆకస్మిక ఘర్షణలో ఆవేశంతో, క్రూరంగా ప్రవర్తించకుండా చేయడం. 18 ఏళ్లు దాటినవారు తమ సమ్మతితో మరణానికి సిద్ధపడటం. వీటిలో ఏది రుజువైనా హత్య కాస్తా 105 కిందకు దిగుతుంది.

మొదటి మినహాయింపుకు నానావతి కేసు చదవాలి. నౌకాదళ కమాండర్, భార్య చెప్పిన మాట విని ఓడకు వెళ్లి రివాల్వర్ తెచ్చుకుని ఆమె ప్రియుణ్ని కాల్చాడు. మధ్యలో దాదాపు మూడు గంటలు గడిచాయి. భార్యాబిడ్డలను సినిమా హాలు దగ్గర దింపాడు కూడా. కోపం చల్లారడానికి అంత వ్యవధి ఉన్నాక ‘ఆకస్మికం’ అనడం కుదరదని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. రెచ్చగొట్టుడు తీవ్రంగా ఉండటం ఒక్కటే చాలదు, ఆకస్మికంగా కూడా ఉండాలి.

ఎక్కువ కేసులు నడిచేది నాలుగో మినహాయింపు మీద. గోపాలపట్నం సెంటర్లో బండి పక్కకు తీయమని ఇద్దరి మధ్య మాటామాటా పెరిగింది అనుకుందాం. ఒకడు చేతికి దొరికిన రాడ్డుతో ఒక్కటి కొట్టాడు, రెండోవాడు పోయాడు. ఇది నాలుగో మినహాయింపు. అదే మనిషి ఇంటికి వెళ్లి కత్తి తెచ్చి పొడిస్తే కాదు.

శిక్షల లెక్క

103(1): హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం, జరిమానా అదనం. మూడో దారి లేదు. హత్య అని తేల్చి పదేళ్లు వేసే అధికారం సెషన్స్ జడ్జికి లేదు. అందుకే డిఫెన్సు లాయర్లు శిక్ష కన్నా వర్గీకరణ మీదే పోరాడతారు.

105: ఉద్దేశం ఉన్న నరహత్యకు యావజ్జీవం, లేదా అయిదేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత 304లో ఈ అయిదేళ్ల కనీసం లేదు. కొత్తగా వచ్చిన మార్పు కాబట్టి ప్రిలిమ్స్‌లో అడుగుతారు. తెలిసి చేసినదే తప్ప ఉద్దేశం లేనిదైతే పదేళ్ల దాకా జైలు, జరిమానా.

106(1): నిర్లక్ష్యంతో లేదా తొందరపాటుతో మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా. పాత 304ఎ కింద రెండేళ్లే. రిజిస్టర్డ్ వైద్యులకు చికిత్స సమయంలో జరిగితే రెండేళ్ల దాకా.

104: యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే మరణశిక్ష, లేదా మిగిలిన జీవితమంతా జైలు. పాత 303లో మరణశిక్ష ఒక్కటే ఉండేది. జడ్జికి విచక్షణ లేకుండా చేసే అలాంటి సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని 1983లో మిథూ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

హత్యాయత్నం 109, వరకట్న మరణం 80 (ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా), ఆత్మహత్యకు ప్రేరేపణ 108. ఇవి హత్య కాదు, కానీ పక్కపక్కనే అడుగుతారు.

గుంపు చంపితే

ఉమ్మడి ఉద్దేశం గురించిన పాత 34 ఇప్పుడు 3(5), చట్టవిరుద్ధ సమూహం గురించిన పాత 149 ఇప్పుడు 190. కొత్తగా వచ్చింది 103(2). అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి జాతి, కులం, సముదాయం, లింగం, పుట్టినచోటు, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో చంపితే ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. సెక్షన్‌లో ‘కులం’ అన్న మాట ఉండటం తెలుగువాళ్లకు చిన్న విషయం కాదు. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో గుంపులు దళితులపై దాడి చేశాయి. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సెక్షన్ ఎంత గట్టిదైనా సాక్ష్యం నిలబడకపోతే ఫలితం ఇది. ఎనిమిది ప్రాణాలకు చివరికి హైకోర్టులో దోషి అంటూ ఎవరూ మిగలలేదు.

విశాఖ ముందున్న ప్రశ్న: 105ఆ, 106ఆ?

ఓడరేవు, ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, ఫార్మా కంపెనీలు, లక్షల్లో జనం చేరే కొండ ఉన్న ఊరికి ఈ రెండు సెక్షన్ల మధ్య గీత అన్నిటికన్నా ముఖ్యం. 106 కింద కేసు అయితే బెయిలబుల్, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ విచారిస్తారు. 105 అయితే నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు. గరిష్ఠ శిక్ష రెట్టింపుకన్నా తక్కువ కాదు. అంతా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: తెలుసా?

ప్రమాదం ఉందని తెలుసుకోవాల్సినవాడు తెలుసుకోకపోతే అది నిర్లక్ష్యం. దీనివల్ల ప్రాణాలు పోయే అవకాశం ఉందని నిజంగా తెలిసీ ముందుకెళితే అది 105 రెండో భాగం.

నిర్లక్ష్యం అనడానికి కూడా ఒక హద్దు ఉంది. ఎస్.ఎన్. హుస్సేన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ (1972) కేసులో బస్సు డ్రైవరు రైల్వే లెవెల్ క్రాసింగ్ దాటుతుండగా గూడ్సు రైలు ఢీకొంది. గేటు తెరిచి ఉంది. గేటు తెరిచి ఉంటే రైలు రాదనుకోవడం ఎవరైనా చేసే పనేనని సుప్రీంకోర్టు అతణ్ని నిర్దోషిగా వదిలింది. ప్రమాదం జరిగినంత మాత్రాన నేరం అయిపోదు.

అవతలి కొసన భోపాల్ ఉంది. 1984 డిసెంబరులో వేలమంది ప్రాణాలు తీసిన గ్యాస్ కేసులో మొదట 304 రెండో భాగం కింద అభియోగాలు వేశారు. 1996లో సుప్రీంకోర్టు కేశుబ్ మహీంద్ర కేసులో వాటిని 304ఎకి తగ్గించింది. ఆ రాత్రి ఆ పని ప్రాణాలు తీస్తుందని నిందితులకు తెలుసనడానికి ఆధారాలు లేవన్నది కారణం. 2010లో దోషులుగా తేలినప్పుడు పడిన శిక్ష రెండేళ్లు. 304ఎలో అంతకుమించి లేదు. ఆ నష్టాన్ని సరిచేయమని వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2011లో కోర్టు తోసిపుచ్చింది. అంత పెద్ద విషాదానికి రెండేళ్లు చాలని ఏ బాధితుడూ అనుకోడు, నేనూ అనుకోను.

ఈ రెండు తీర్పులూ దగ్గర పెట్టుకుని ఎల్జీ పాలిమర్స్ కేసు చదవండి. లాక్‌డౌన్‌లో వారాల తరబడి ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరిన్ వేడెక్కితే ఏమవుతుందో నడిపేవాళ్లకు తెలుసా? హెచ్చరికలు కాగితం మీద ఉన్నాయా? ఉంటే ఎవరు చదివారు? 304 రెండో భాగం నిలబడాలంటే ప్రాసిక్యూషన్ ఆ కాగితాలు చూపాలి. సింహాచలం గోడ విషయంలోనూ అదే తీరు: డిజైన్ ఎవరు ఆమోదించారు, గోడ బలం ఎవరు పరీక్షించారు, వానకు పక్కకు ఒరిగే సూచనలు ముందే కనిపించాయా, కనిపించినా ఆ పక్కనే క్యూ పెట్టారా. ‘తెలుసు’ అనేది లాగ్‌బుక్‌లో, ఇన్‌స్పెక్షన్ నోట్‌లో, ఫైలు మీద సంతకంలో దొరుకుతుంది. మొదటి వారంలో ఆ కాగితాలను స్వాధీనం చేసుకోని దర్యాప్తు, కేసును తనకు తానే 106కి దించుకుంటుంది.

ఎఫ్‌ఐఆర్‌లో రాసిన సెక్షన్ చివరిది కాదు. తీర్పు దాకా ఎప్పుడైనా కోర్టు అభియోగాన్ని మార్చవచ్చు (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 239). హత్య అభియోగం మీద విచారించి చిన్న నేరానికి శిక్షించవచ్చు (245). చిన్న అభియోగం మీద విచారించి పెద్ద నేరానికి శిక్షించడం కుదరదు.

ఉరి ఎప్పుడు, యావజ్జీవం ఎంతకాలం

1955 సవరణకు ముందు హత్యకు ఉరే మామూలు, వేయకపోతే కారణం చెప్పాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని తిరగేసింది. ఇప్పుడు మరణశిక్ష వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలి (నాగరిక సురక్షా సంహిత 393(3)), హైకోర్టు ధ్రువీకరించాలి (407). 1980లో బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ‘అత్యంత అరుదైన కేసుల్లో మాత్రమే’ అనే కొలత ఇచ్చింది. జస్టిస్ పి.ఎన్. భగవతి విభేదించారు.

అంతకు ఆరేళ్ల ముందే ఎడిగ అనమ్మ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ (1974)లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ దారి వేశారు. ఆమె యువతి, చిన్న బిడ్డ తల్లి. చేసిన నేరం ఘోరమైనదే, కానీ నేరంతో పాటు నేరస్థురాలి జీవితాన్ని కూడా చూడాలంటూ ఉరిని యావజ్జీవంగా మార్చారు.

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు యువకులు దోపిడీ కోసం బస్సెక్కి పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు 1996లో ఉరిని ఖరారు చేసింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. అలాంటి దారుణంలోనూ క్షమాభిక్ష దొరికిందంటే రాజ్యాంగం 72వ అధికరణకు ఎంత విస్తృతి ఉందో తెలుస్తుంది.

యావజ్జీవం అంటే 14 ఏళ్లు, 20 ఏళ్లు అని ఊళ్లో అనుకుంటారు. రెండూ తప్పే. ప్రాణం ఉన్నంతకాలం జైలు అని 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసు తేల్చింది. 20 ఏళ్లు అన్నది శిక్షలో సగం, పావు లాంటి భాగాలు లెక్కగట్టడానికి మాత్రమే. 14 ఏళ్లు అన్నది, ఉరిపడే వీలున్న నేరంలో యావజ్జీవం పడినవారిని ప్రభుత్వం విడుదల చేసే ముందు తప్పక గడపాల్సిన కనీసం (నాగరిక సురక్షా సంహిత 475). పూర్తికాగానే విడుదల హక్కు రాదు.

ఇక్కడే రాష్ట్రం మళ్లీ వస్తుంది. నాగరిక సురక్షా సంహిత 473 కింద ప్రభుత్వం, రాజ్యాంగం 161 అధికరణ కింద గవర్నర్ శిక్ష తగ్గించవచ్చు. నానావతికి 1964లో క్షమాభిక్ష ఇచ్చింది మహారాష్ట్ర గవర్నరే. ఆ అధికారం ప్రశ్నకు అతీతం కాదని చెప్పింది మాత్రం మన కేసు: ఏపూరు సుధాకర్ వర్సెస్ గవర్నమెంట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ (2006). ఒక దోషికి గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు రద్దు చేసింది. కులం, మతం, రాజకీయ విధేయత చూసి క్షమించడం చెల్లదని జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా ధర్మాసనం చెప్పింది.

పరీక్షకు ముందు చూసుకోండి

పాతవి, కొత్తవి: 299కి 100, 300కి 101, 301కి 102, 302కి 103, 303కి 104, 304కి 105, 304ఎకి 106, 306కి 108, 307కి 109, 304బికి 80. కోర్టుల్లో, స్టేషన్లలో ఇంకా "త్రీ నాట్ టూ కేసు" అనే అంటున్నారు, ఇంకొన్నేళ్లు అంటారు. జవాబులో రెండు నంబర్లూ రాయండి.

ఒక నమూనా ప్రశ్న. ‘ఇంజనీరు హెచ్చరించినా కాంట్రాక్టరు పునాది లేని గోడ కట్టాడు. జనం నిలబడి ఉండగా అది కూలి నలుగురు చనిపోయారు. అతడు ఏ నేరం చేశాడు?’ 101 నాలుగో క్లాజుతో మొదలుపెట్టండి. ప్రాణం పోవడం దాదాపు ఖాయమని తెలుసా? అంత దాకా రాదు. అప్పుడు 105 రెండో భాగం: అవకాశం ఉందని తెలుసా? హెచ్చరిక లిఖితపూర్వకంగా అతడికి అందినట్టు రుజువైతే అవును. నోటిమాటగా ఎవరో అన్నారనే దాకానే ఉంటే 106(1). భోపాల్ తీర్పును, హుస్సేన్ తీర్పును రెండు వైపులా చూపించండి.

చివరగా ఒక జాగ్రత్త. ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల శిక్ష అనే 106(2) సంహితలో అచ్చయి ఉంది, కానీ 2024 జులై 1న మిగతా సెక్షన్లతో పాటు దాన్ని అమల్లోకి తేలేదు. లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత కేంద్రం దాన్ని పక్కన పెట్టింది. ‘అమల్లో ఉన్న శిక్ష’ అని అడిగితే దాన్ని గుర్తించవద్దు.